కాలేజీలో ఏం చదువుతున్నారో మమ్మల్ని అడగండి: సిరొంచకు ఓట్లకొచ్చే నాయకులకు బహిరంగ లేఖ

అహేరి నియోజకవర్గంలో సభలు పెట్టే అన్ని పార్టీల నాయకులకు,

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచలో జెరాక్స్, ఆన్‌లైన్ ఫారాల షాపు నడుపుకునే ఒక ఓటరు నమస్కారాలు.

మీది ఏ పార్టీ అయినా ఈ ఉత్తరం మీకే. గోదావరి, ప్రాణహిత కలిసే ఈ మూలకు మీరు ఎన్నికలప్పుడు తప్ప రారు. మళ్లీ వచ్చేలోపు చదువుకుంటారని ముందే రాస్తున్నాను. 2017లో ఎన్నికైన మా జిల్లా పరిషత్ గడువు 2022లో తీరిపోయింది. ఆ తరవాత ఏళ్ల తరబడి అధికారులే నడిపారు. ఎన్నికలు లేకపోయినా సభలకు మాత్రం లోటు రాలేదు. ఈ మధ్య ఏ సభకు వెళ్లినా ఒకటే పాట. ఆలపల్లి రోడ్డు గురించి రెండు నిమిషాలు, మేడిగడ్డ వెనక నీళ్లకు మునిగే పొలాల గురించి ఒక నిమిషం, మిగతా టైమంతా కాలేజీల గురించే. పిల్లల్ని చదువుకు పంపి మీరు నిద్రపోతున్నారు, అక్కడ వాళ్ల బుర్రల్లో ఏం ఎక్కిస్తున్నారో చూసుకోండి అంటారు. యూనివర్సిటీల్లో అర్బన్ నక్సల్స్ తయారవుతున్నారంటారు. దేవుడు లేడని నేర్పుతున్నారట, అమ్మానాన్నల మాట వినొద్దంటున్నారట, కులం చూడకుండా పెళ్లి చేసుకోమంటున్నారట. మరాఠీలో మొదలుపెట్టి, ముందు వరసల్లో తెలుగువాళ్లు ఎక్కువున్నారని చూసి, తెలుగొచ్చిన కార్యకర్త చేతికి మైకిచ్చి మరీ చెప్పిస్తున్నారు.

కాలేజీ పిల్లలు ఏం చదువుతున్నారో తెలుసుకోవాలంటే ఇంటెలిజెన్స్ రిపోర్టు అక్కర్లేదు. ఆ కాగితాలన్నీ మా షాపు మిషన్ మీదుగానే పోతాయి. జూన్, జులైల్లో అడ్మిషన్ ఫారాలు. ఆ వెంటనే స్కాలర్‌షిప్ కోసం మహాడీబీటీ పోర్టల్. అది పగలు సరిగ్గా తెరుచుకోదు. రాత్రి పదింటికి పిల్లలు షాపు మెట్ల మీద కూర్చుని ఓటీపీ కోసం ఎదురుచూస్తుంటారు. సిగ్నల్ ఉన్నప్పుడు ఓటీపీ రాదు, ఓటీపీ వచ్చేసరికి పేజీ ఎక్స్‌పైర్ అయిపోతుంది. తరవాత ఆదాయం దాఖలా, డొమిసైల్. వీటన్నిటికంటే పెద్ద తలనొప్పి కులం వాలిడిటీ, అంటే కులం సర్టిఫికెట్ నిజమైనదేనని తేల్చే కాగితం. ఎస్టీ పిల్లవాడైతే 1950కి ముందు తాతముత్తాతలది ఏ తెగో చూపించే కాగితం పట్టుకురావాలి. బడి మొహం చూడని తాతకు కాగితం ఎక్కడి నుంచి వస్తుంది? తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, చెదలు కొట్టిన పాత రికార్డు నకలు ఒకటి సంపాదించి, "అన్నా, జర సాఫ్ కనపడేటట్టు తియ్యవా" అని అడుగుతారు. తీస్తాను. సగం అక్షరాలు ఎంత చేసినా రావు.

అవి అయ్యాక పరీక్షలు. గడ్చిరోలిలో ఉన్న మా గోండ్వానా యూనివర్సిటీ పాత ప్రశ్నపత్రాలు, గైడ్లు, ఎవరో సీనియర్ చేతిరాతతో రాసిపెట్టిపోయిన నోట్సు. ఇన్నిట్లో ఎక్కువ కాపీలు పోయేవి ఏవో తెలుసా? పోలీస్ భర్తీ మోడల్ పేపర్లు. తెల్లారకముందే రోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలంతా మీరు నక్సలైట్ల ఫ్యాక్టరీ అంటున్న కాలేజీ వాళ్లే. పోలీసు ఉద్యోగం రావాలి, రాకపోతే ఫారెస్టు గార్డు, అదీ కాకపోతే తలాఠీ, అంటే ఊరి రెవెన్యూ ఉద్యోగి. మా క్యాంపస్‌లో జరుగుతున్న విప్లవం ఇంతే.

పాఠాల్లో ఆలోచనలే ఉండవని నేను అనట్లేదు. ఉంటాయి, ఉండాలి. అంబేద్కర్, ఫూలే, గాంధీ, మార్క్స్ అందరి పేర్లూ ఆ నోట్సుల్లో కనిపిస్తూనే ఉంటాయి. పిల్లల్లో ఎవరికో ఒకరికి ఏదో ఒక మాట పట్టుకుంటుంది. ఇంటికెళ్లి వాళ్ల నాన్నతో వాదిస్తారు. వాదించాకే కదా ఆ ఇంట్లో ఒకరు చదువుకున్నారని తెలిసేది.

మొన్నటి సభ అయిన మర్నాడు బీఏ మూడో ఏడు చదివే అమ్మాయి ఒకతె వచ్చింది. లోపలి ఊరి పిల్ల, ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. సామాజిక ఉద్యమాల యూనిట్ కాపీ కావాలంది. చిప్కో, నర్మద, దళిత్ పాంథర్, నక్సల్‌బరి వరసగా ఉన్నాయి. మిషన్ మీద పెట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "అన్నా, గా రెండు పేజీలు వద్దు." ఏవని చూస్తే 1967 నక్సల్‌బరి గురించినవి. "పరీక్షల అడుగుతరు కదా బిడ్డా, పది మార్కులు పోతయి" అన్నాను. "పోతే పోనీ. సంచిల గవి ఉన్నయంటే బాపు బుగులు పడుతడు. సభల పెద్దసారు చెప్పిండట, గసుంటి కాగితాలు ఉంటే పోలీసులు పట్కపోతరని." మిగతా పేజీలు తీసిచ్చాను. డబ్బులిచ్చి, ఆ రెండు పేజీలున్న పుస్తకాన్ని కాస్త మడిచి, చున్నీ కింద పెట్టుకుని వెళ్లింది.

ఆ పేజీల్లో ఏముందో మీరు చూసి ఉండరు కాబట్టి చెప్తాను. ఉద్యమం ఎప్పుడు మొదలైంది, భూమి గొడవ ఏంటి, హింస దారి పట్టాక జనం నుంచి ఎందుకు దూరమైంది, ప్రభుత్వం ఏం చేసింది. అంతే. రేపు ఆ పిల్ల పోలీసు అధికారి అయితే ఇదే విషయం మీద ఆమెకు క్లాసు పెడతారు. ఇప్పుడు మాత్రం వాళ్ల బాపు ఎంఏ వద్దంటున్నాడు. గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల దూరం, అక్కడ ఎవరు ఏం నేర్పుతారో ఏమో, ఇంటికొచ్చెయ్యమంటున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. పొద్దస్తమానం పత్తి చేలో వంగి పనిచేసి కూతుర్ని డిగ్రీ దాకా తెచ్చినవాడు. మీ మాట నమ్మాడు, అంతే.

ముంబయిలో టీవీ స్టూడియోలో ఒకర్ని అర్బన్ నక్సల్ అంటే ఎదుటివాడు తిరిగి ఒక తిట్టు తిడతాడు. బ్రేక్ రాగానే ఇద్దరూ కలిసి చాయ్ తాగుతారు. ఇక్కడ అలా కాదు. నక్సలైటు అంటే ఏంటో మేము ఉపన్యాసాల్లో విని తెలుసుకోలేదు. ఇన్ఫార్మర్ అని రాత్రిపూట ఇంట్లోంచి లాక్కెళ్లి చంపేసిన జిల్లా ఇది. 2019 మే 1న, మహారాష్ట్ర దినోత్సవం రోజునే, జాంభూళ్‌ఖేడ దగ్గర మందుపాతర పేలి 15 మంది పోలీసులు, వాళ్ల బండి డ్రైవరు చనిపోయారు. దళానికి అన్నం పెట్టారని పోలీసులు అడిగితే, పోలీసులకు దారి చూపారని దళం అడిగితే, ఇద్దరికీ జవాబు చెప్పుకుంటూ బతికిన ఊళ్లున్నాయి. ఒక కొడుకు నక్సలైట్లను వెతికే సీ-60 పోలీసు కమాండోల్లో, మేనమామ కొడుకు అడవిలో, ఇద్దరి కోసం ఒకే ముసలమ్మ ఏడ్చిన ఇళ్లున్నాయి.

ఇలాంటి చోట ఒక పిల్లవాడి మీద ఆ ముద్ర పడితే ఏమవుతుంది? భర్తీలో పాసైనా క్యారెక్టర్ వెరిఫికేషన్ దగ్గర ఫైలు ఆగుతుంది. సంబంధం చెన్నూరు నుంచో మహదేవ్‌పూర్ నుంచో వస్తే, వాళ్లు వంతెన దాటకముందే ఫోన్లో అడుగుతారు, "పిలగాని మీద కేసులు గీసులు ఏమన్న ఉన్నయా" అని. లేవన్నా నమ్మరు. సభలో ఎవరో అన్నారంట కదా అంటారు. మీరు మైకు పక్కన పెట్టి హెలికాప్టర్ ఎక్కుతారు. ఆ ముద్ర ఆ పిల్లవాడితో ఇక్కడే ఉండిపోతుంది.

జి.ఎన్.సాయిబాబా కేసు మీకు తెలియంది కాదు. అమలాపురం దగ్గర పుట్టి, ఢిల్లీ యూనివర్సిటీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి. చక్రాల కుర్చీ లేకుండా కదల్లేడు. మావోయిస్టులతో సంబంధాలున్నాయని 2017 మార్చి 7న ఆయనకు యావజ్జీవం వేసింది మా గడ్చిరోలి సెషన్స్ కోర్టే. 2022 అక్టోబరు 14న బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి శిక్ష కొట్టేస్తే, మర్నాడే సుప్రీంకోర్టు ఆపింది. మళ్లీ విన్నారు. 2024 మార్చి 5న అదే నాగపూర్ బెంచి మళ్లీ నిర్దోషి అంది. అదే కేసులో శిక్షపడ్డ పాండు నరోటె మా జిల్లా ఆదివాసీ. ఆ తీర్పు వినకుండానే 2022 ఆగస్టులో నాగపూర్ జైల్లో ఉండగా చనిపోయాడు. సాయిబాబా విడుదలయ్యాక ఏడు నెలలు బతికి, 2024 అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశారు. ఆ రెండో తీర్పులో న్యాయమూర్తులు ఒక సంగతి స్పష్టంగా చెప్పారు. ఇంటర్నెట్ నుంచి ఏదో సాహిత్యం దించుకున్నంత మాత్రాన, చివరికి ఆ సిద్ధాంతం మీద సానుభూతి ఉన్నంత మాత్రాన అది నేరం కాదని, ఫలానా చర్యలో పాల్గొన్నాడని సాక్ష్యం ఉండాలని. నాకు న్యాయశాస్త్రం రాదు కానీ, హైకోర్టు తప్పు కాదన్న దానికంటే పది వంతులు చిన్న పని, పాఠ్యపుస్తకంలో రెండు పేజీల జెరాక్స్, మా ఊళ్లో ఒక ఆడపిల్లకు భయమైపోయింది. సాయిబాబా అరెస్టయినప్పుడు మైకులు దద్దరిల్లేలా మాట్లాడినవాళ్లలో ఒక్కరైనా, కోర్టు ఆయన్ని వదిలేసిందని చెప్పడానికి సిరొంచ వచ్చారా?

2025 జులై 10న అసెంబ్లీలో, మర్నాడు మండలిలో సంస్థల్ని చట్టవ్యతిరేకమని ప్రకటించే అధికారం ప్రభుత్వానికిచ్చే మహారాష్ట్ర ప్రత్యేక ప్రజా భద్రత బిల్లు పాసయింది. దాని మీద కమిటీకి పన్నెండు వేలకు పైగా సూచనలు, అభ్యంతరాలు వెళ్లాయి. వ్యక్తులు, సంస్థలు అని మొదట ఉన్నదాన్ని వామపక్ష తీవ్రవాద సంస్థలు, అలాంటివే ఇతర సంస్థలు అని మార్చారు. ఆ 'అలాంటివే'లోకి ఏవి వస్తాయో రేపు ఫైలు రాసేవాళ్ల దయ. అసెంబ్లీలో గట్టిగా అడ్డం నిలబడింది ఒక్క సీపీఎం ఎమ్మెల్యే. ఆ తరవాత బయట ఉద్యమాలన్న పెద్ద ప్రతిపక్షాల గొంతు ఆ రోజు సభలో ఎందుకు పెగల్లేదో వాళ్లే చెప్పాలి.

ఇదయిన మూడు నెలలకు, అక్టోబరు 15న, మా గడ్చిరోలిలోనే మావోయిస్టు పార్టీ అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు అరవై మందితో వచ్చి ముఖ్యమంత్రి ముందు ఆయుధాలు అప్పజెప్పాడు. నదికి అవతల పెద్దపల్లి మనిషి. ఆయన భార్య తారక్క అదే ఏడాది జనవరి 1న లొంగిపోయింది. దేశంలో నక్సలిజానికి 2026 మార్చి 31 ఆఖరి గడువని కేంద్రమే ప్రకటించింది. మంచిదే, మాకంటే సంతోషించేవాళ్లు ఎవరుంటారు? కానీ ఒక విచిత్రం గమనించారా? అడవిలో తుపాకులు తగ్గుతున్న కొద్దీ మీ ఉపన్యాసాల్లో నక్సలైట్లు పెరుగుతున్నారు. అడవిలో ఖాళీ అయిన పోస్టులన్నీ మా కాలేజీ పిల్లలతో నింపుతున్నట్టుంది. లెక్చరర్ల పోస్టులకు మాత్రం ఈ హడావుడి ఉండదు. తాసికల లెక్కన, అంటే గంటకింత అని జీతమిచ్చే సార్లతోనే ఏళ్లకేళ్లు గడిపేస్తున్నారు.

మీ దగ్గర ఆధారాలుంటాయేమో అనుకోవడానికి కూడా లేదు. జేఎన్‌యూ గొడవ 2016 ఫిబ్రవరిలో. అప్పటి నుంచి 'తుక్డే తుక్డే గ్యాంగ్' అనే పేరు వినిపించని ఎన్నిక లేదు. ఆ గ్యాంగ్ వివరాలివ్వమని ఒకాయన సమాచార హక్కు కింద అడిగితే, మా దగ్గర అలాంటి సమాచారం ఏమీ లేదని కేంద్ర హోంశాఖ 2020 జనవరిలో రాసిచ్చింది. ఆ పక్క నెల, ఫిబ్రవరి 4న, లవ్ జిహాద్ అనే దానికి చట్టంలో నిర్వచనమే లేదని లోక్‌సభకు జవాబిచ్చింది అప్పటి హోంశాఖ సహాయమంత్రి, మన తెలంగాణ కిషన్ రెడ్డి గారు. ఢిల్లీలో కాగితం మీద లేనివి మా అంకీస సంతలో మాత్రం తిరుగుతున్నాయి.

ఇది ఒక్క పార్టీ జబ్బు అనుకునేవాళ్లు కొంచెం వెనక్కి వెళ్లాలి. 2004 జనవరి 5న పుణెలో భాండార్కర్ సంస్థ మీద గుంపు పడి, తరతరాలుగా దాచిన రాతప్రతుల్ని ధ్వంసం చేసింది. శివాజీ మీద ఒక అమెరికన్ ప్రొఫెసర్ రాసిన పుస్తకానికి అక్కడి పండితులు సాయం చేశారట, అదీ కోపం. అప్పుడున్నది కాంగ్రెస్, ఎన్‌సీపీల ప్రభుత్వం. లోక్‌సభకూ అసెంబ్లీకీ ఎన్నికలున్న ఏడాది అది. ఆ ప్రభుత్వం ఏం చేసింది? పుస్తకాన్ని నిషేధించింది. ఆ నిషేధం చెల్లదని సుప్రీంకోర్టు ఖాయం చేసేసరికి 2010 వచ్చింది. అదే 2010లో ముంబయి యూనివర్సిటీ బీఏ సిలబస్‌లో ఉన్న ఒక నవల తమ పార్టీని తిట్టిందని శివసేన విద్యార్థి నాయకుడు గొడవ చేస్తే, వైస్ చాన్సలర్ హడావుడిగా దాన్ని తీసేశారు. అప్పటి కాంగ్రెస్ ముఖ్యమంత్రి కూడా అందులో రాతలు అభ్యంతరకరంగా ఉన్నాయని వంత పాడారు. ఇంకా వెనక్కి వెళ్తే, అంబేద్కర్ రచనల నాలుగో సంపుటిని 1987లో మహారాష్ట్ర ప్రభుత్వమే అచ్చువేసింది. రాముడు, కృష్ణుడి మీద అందులో ఉన్న భాగం తీసెయ్యాలని శివసేన ఒక వైపు, ఒక్క అక్షరం తీసినా ఊరుకోమని దళితులు మరో వైపు ముంబయిలో పెద్ద ఊరేగింపులు తీశారు. చివరికి ఏం చేశారో చూడండి. అందులోని అభిప్రాయాలతో ప్రభుత్వం ఏకీభవిస్తున్నట్టు కాదని ఒక ముక్క రాసి, పుస్తకాన్ని ఉన్నదున్నట్టు ఉంచారు. ఇవాళ్టికీ ప్రభుత్వ ప్రచురణే. ఆ భాగం చదివి ఎవరి దేవుడూ ఎక్కడికీ పోలేదు. శ్రీరామనవమికి మా సిరొంచలో పందిళ్లు ఏటేటా పెద్దవవుతున్నాయి కూడా.

దేవుడి మాట వచ్చింది కాబట్టి ఆ కోతి సంగతి కూడా తేల్చుకుందాం. ఆ మధ్య ఒక సభలో మీలో ఒకరు, "మీ తాత కోతి అని చెప్పే చదువు మనకెందుకు" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఈ హాస్యం మీ సొంతం కూడా కాదు. 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్ అన్నదే, కోతి మనిషి కావడం ఎవరూ చూడలేదు కాబట్టి డార్విన్ చెప్పింది తప్పని. ఆయన ఒకప్పటి ముంబయి పోలీస్ కమిషనర్. ఎవరూ చూడని నేరాల్ని ఆనవాళ్లు పట్టి రుజువు చేసే డిపార్ట్‌మెంటుకు పెద్దగా చేసిన మనిషి ఆ మాట అనడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మీరు ఆ జోకు వేసింది ఏ నేల మీద నిలబడో మీకు తెలిసి ఉండదు. మా తాలూకాలోని పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తవ్వితే, మూడు వందల దాకా ఎముకలు బయటపడ్డాయి. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటి డైనోసార్లవి. రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి ఏడాదిలో తవ్వారని, 1975లో పేరు పెట్టినప్పుడు దానికి బారాపసారస్ టాగోరై అన్నారు. ఇవాళ దాని అస్థిపంజరం కలకత్తాలో నిలబెట్టి ఉంది. ఆ రాళ్ల పొరకు ప్రపంచమంతా వాడే పేరు 'కోటా ఫార్మేషన్'. మా కోటా ఊరి పేరే అది. నది అవతలి ఒడ్డున అదే పొరలో యామన్‌పల్లి దగ్గర దొరికిన ఇంకో డైనోసార్‌కు కోటాసారస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి పోయినవాళ్లంతా దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు. అది మా ఊరి పేరని ఎంతమందికి తెలుసు? వడధం దగ్గర ఫాసిల్ పార్కు ఉంది, వీలైతే కారు ఆపి చూడండి. చెట్టు మొద్దు అనుకుని చెయ్యి వేస్తే చల్లగా రాయి తగులుతుంది. బెరడు గీతలు కూడా అలాగే ఉంటాయి.

ఇలాంటి తాలూకాలో పుట్టిన పిల్లలు భూగర్భశాస్త్రం చదవాలి. ఆ ఎముకల మీద రాసే పేపర్లలో వాళ్ల పేర్లుండాలి. స్టేట్ బోర్డు పదో తరగతి సైన్సు రెండో భాగంలో మొదటి పాఠమే వారసత్వం, పరిణామం. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి 2023లో పరిణామాన్ని తీసేశారు. మా పుస్తకంలో ఉన్నదాన్ని మీరు నవ్వులపాలు చేస్తే, మా సైన్సు టీచరు రేపు ఆ పాఠం దగ్గరికి రాగానే "చదువుకోండి, పరీక్షకు వస్తుంది" అని పేజీ తిప్పేస్తాడు. ఎవరో తండ్రి వచ్చి గొడవ చేస్తాడన్న టెన్షన్ ఆయనకెందుకు?

పేజీ తిప్పేసేది ఒక్క సైన్సు టీచరే కాదు. భూగోళం చదివే పిల్లలు కొందరు నది ఒడ్డు కోత మీద ప్రాజెక్టు చేద్దామనుకున్నారు. 2019లో మేడిగడ్డ బ్యారేజీ మొదలయ్యాక ఇటు ఒడ్డున పొలాలు మునగడం, మట్టి కోసుకుపోవడం, పరిహారం కోసం రైతులు ధర్నాలు చేయడం మీకు తెలిసిందే. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగాక దేశమంతా ఆ బ్యారేజీ గురించి మాట్లాడింది కానీ మా వైపు పొలాల గురించి కాదు. పిల్లలు ఇంటింటికీ తిరిగి ఎవరి సర్వే నంబరులో ఎంత పోయిందో రాసుకుందామని ప్రశ్నల కాగితం తయారు చేసుకున్నారు. దాన్ని కాపీ తీసిచ్చింది నేనే. రెండో ఊళ్లోనే ఆపేశారు. సర్వేలంటూ తిరిగేవాళ్లు ఎవరో కనిపెట్టుకుని ఉండండని సభలో విన్నామని ఊరి పెద్దమనిషి అన్నాడట. వాళ్ల సారు కూడా ఎందుకొచ్చిన తంటా, పుస్తకంలోంచి ఏదైనా టాపిక్ తీసుకోండన్నాడు. మునిగిన పొలం లెక్క రాసుకునేవాళ్లు లేకుండా పోయారు. మీకు అక్కడే లాభమని నా అనుమానం. పిల్లలంటే మాకు భయం పుట్టించగలిగితే, వాళ్లు అడిగే ప్రశ్నలకు మీరు జవాబు చెప్పే పని తప్పుతుంది.

కాలేజీ చదువు కుటుంబాల్ని విడదీస్తుందన్న మాట మాత్రం మా నియోజకవర్గంలో అనకండి, జనం నవ్వుతారు. 2024 అసెంబ్లీ ఎన్నికల్లో అహేరిలో తండ్రి మీద కూతురు నిలబడింది, ఇద్దరి మీదా అదే ఇంటి మరో వారసుడు నిలబడ్డాడు. నేను తప్పు పట్టట్లేదు. తండ్రి మాట కాదని కూతురు తన దారి తాను చూసుకోవచ్చని మాకు చూపించింది మీరే, ఏ ప్రొఫెసరూ కాదు. పెద్దిళ్లలో అది ప్రజాస్వామ్యం అయినప్పుడు, పత్తిరైతు ఇంట్లో సంస్కారం చెడిపోవడం ఎలా అవుతుంది?

ఇంకో తమాషా. మీరు ఇంత భయపడుతున్న కాలేజీల్లో విద్యార్థి సంఘాలకు నేరుగా ఎన్నికలే లేవు. 1994 చట్టంతో అవి పోయాయి. 2016లో కొత్త చట్టం మళ్లీ దారి తెరిచింది, 2019లో పెడతామని చెప్పి వాయిదా వేశారు. పద్దెనిమిదేళ్ల పిల్ల మీకు ఓటేస్తే తెలివైన ఓటరు. క్లాస్ రిప్రజెంటేటివ్‌కు వేస్తానంటే మాత్రం శాంతిభద్రతల సమస్య.

ఇక మీ నుంచి మేము అడిగేది. నిజంగా ఎవరైనా తుపాకీ పట్టమని పిల్లలకు నేర్పుతుంటే పేరు, ఆధారం తీసుకెళ్లి పోలీస్ స్టేషన్లో ఇవ్వండి, మేమూ సాక్ష్యం చెప్తాం. ఆధారం లేకపోతే కాలేజీ పేరు ఎత్తకండి. సిలబస్ మీద మీకు అభ్యంతరం ఉంటే యూనివర్సిటీలో బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉంది, సెనేట్ ఉంది, అక్కడ రాతపూర్వకంగా పెట్టండి. మీ పార్టీల మనుషులు అందులో లేరా? ఖాళీ పోస్టులు, ఆడపిల్లల హాస్టల్, ల్యాబులో పనిచేసే మైక్రోస్కోప్, ఆలపల్లి దాకా నడుము విరగకుండా పోగలిగే రోడ్డు, వీటి మీద మీరు ఎంతసేపు మాట్లాడినా కూర్చుని వింటాం. జోకులు వేసినా సరే. కుదిరితే ఒకరోజు కాలేజీకి రండి, వేదికెక్కకుండా బెంచీ మీద కూర్చుని వాళ్లతో వాదించండి. మీ మాటే నెగ్గొచ్చు, ఎవరు చూశారు? మా పిల్లలు పెద్దల ముందు అంత తొందరగా నోరు విప్పరు.

వీటన్నిటికంటే ముందు చెయ్యాల్సింది ఒకటుంది. పైన చెప్పిన అమ్మాయి వాళ్ల నాన్నతో నేను మాట్లాడి చూశాను. కాలేజీ మేడం కూడా ఫోన్ చేసింది. "మీరు మంచిగనే చెప్తరు, పెద్దసారు ఉత్తగ అంటడా" అన్నాడు. జెరాక్స్ షాపు వాడు చెప్తే ఆయన ఎందుకు వింటాడు? ఎంఏ అడ్మిషన్లు మొదలవడానికి ఇంకా టైముంది. ఈసారి సభకు వచ్చినప్పుడు, అదే మైకులో, అంతే గట్టిగా, మీ ఆడపిల్లల్ని గడ్చిరోలి పంపండి, వాళ్ల సంచిలో పుస్తకం ఉంటే ఎవరూ ఏమీ అనరు, అంటే నేను చూసుకుంటాను అని చెప్పండి. తెలుగులో చెప్పండి. ఆయన వెనక వరసలోనే కూర్చుంటాడు, వినపడాలి.

ఇట్లు,
మీకు ఓటు వేసినవాడు, వేయనివాడు కూడా,
సిరొంచ